బయల్దేరని పడవపై అభ్యంతర పత్రం

సోమవారం

‘బయల్దేరని పడవ’ అనే బొమ్మ వేసిన చిత్రకారుడికి,

మా అత్త కలను దొంగిలించింది మీరే. నమస్కారం తరవాత పెడతాను, ముందు ఈ సంగతి తేలాలి.

గ్రంథాలయం కింది హాల్లో మీ బొమ్మల ప్రదర్శన పెట్టారు. నేను రోజూ ప్రెస్సుకి వెళ్ళేది ఆ హాలు ముందునుంచే. ఈ రోజు తలుపు తీసి ఉంది. గుమ్మానికి ఎదురుగా, నా కంటే ఎత్తున, మీ బొమ్మ. వీధి ఉండాల్సిన చోట సముద్రం. ఇళ్ళ కప్పులు నీళ్ళమీద తేలుతున్నాయి. మధ్యలో ఒక పడవ. తీరా చూస్తే అది పడవ కాదు, కుట్టుమిషను. దానిమీద కూర్చుని ఒకావిడ మబ్బునీ మబ్బునీ కలిపి కుట్టు వేస్తోంది. ఆవిడకి ఎదురుగా కోటు తొడుక్కున్న మగమనిషి. మెడదాకా మనిషే, తలకాయ ఉండాల్సిన చోట వెలుగుతున్న లాంతరు. ఆ వెలుగులో ఆవిడ సూదికి దారం ఎక్కించుకుంటోంది. ఒడ్డున ఒక మేక స్టూలెక్కి నోరు తెరుచుకుని అరుస్తోంది. పడవకి కట్టిన తాడు రెండో కొస దాని కాలికి ఉంది.

ఆ ఆడమనిషి మా అత్త. మా నాన్న చెల్లెలు. నాలుగో ఏటినుంచీ నన్ను పెంచింది ఆవిడే. బట్టలు కుడుతుంది. కాదని బుకాయించడానికి మీకు వీల్లేదు. మిషను పిడి విరిగితే ఆకుపచ్చ తీగ చుట్టింది నేను. ఆ తీగ మీ బొమ్మలో ఉంది. కళ్ళజోడుకి కట్టిన నల్లదారం ఉంది. పెదవుల మధ్య మూడు గుండుసూదులు కూడా ఉన్నాయి.

ఇంటికి పరుగెత్తి నిలదీశాను. ఆ కల తనదేననీ, తానే చెప్పాననీ ఒప్పుకుంది. మరి ఆ లాంతరు తల మనిషి ఎవరని అడిగాను. నోట్లో సూదులున్నాయని సైగ చేసింది. గంటసేపు ఆ సూదులు తియ్యలేదు.

అయ్యా, నిద్ర కూడా పనే. పగలంతా ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టిన మనిషి కన్న కల ఆమె కష్టార్జితం. ‘శ్రమ ఎవరిది?’ కరపత్రం అయిదో పేజీలో అచ్చయి ఉంది: చేసినవాళ్ళ పేరు లేని వస్తువు దొంగసొత్తు. కాబట్టి బొమ్మ కింద మా అత్త పేరు రాయండి. ఆ మగమనిషికి మొహమైనా వెయ్యండి, లేదా మొత్తంగా చెరిపెయ్యండి. సగం మనిషిని వేసి వీధిమీదకి వదలడం బాధ్యత లేని పని.

ఇట్లు,
ఊరుకోని మనిషి,
వీధి చైతన్య సంఘం కన్వీనర్.

తా.క.: సంఘంలో ప్రస్తుతం సభ్యులు ఇద్దరు. రెండో సభ్యురాలు మా అత్త. ఆమెకి ఆ విషయం ఇంకా తెలియజేయలేదు.

*

బుధవారం

కోపంలో కూడా దస్తూరి చెడని కన్వీనరుగారికి,

మీరు ఆపి ఉంచిన నమస్కారం కూడా కలిపి రెండు పెడుతున్నాను.

ముందు ఒక చిన్న సవరణ. నేను చిత్రకారుణ్ణి కాదు, చిత్రకారిణిని. అరవై రెండేళ్ళు, రెండు కిటికీల గది, మాట వినని మోకాళ్ళు. బొమ్మ కింద సంతకం బదులు ఒక చీమని వేస్తాను. చీమని చూసి మగవాడనుకోవడం మీ తప్పు కాదు.

నాకు కలలు రావు. నలభయ్యో ఏట ఆగిపోయాయి. కళ్ళు మూస్తే చీకటి, తెరిస్తే పాలవాడు. అందుకని నా గదికి ఎవరు ఏ పనిమీద వచ్చినా కుర్చీ వేసి, ఈ మధ్య ఏం కల వచ్చిందని అడుగుతాను. ఎడమ గోడమీద చేపలు గొడుగులు పట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నాయే, అది మా కుళాయి బాగుచేసినాయన కల. నా నియమం ఒకటే. నిద్రలో వచ్చిందే చెప్పాలి. కూర్చుని అల్లింది పనికిరాదు. అల్లిన కలకి రంగు అంటదు. ఇరవై ఏళ్ళ అనుభవం, ఒక్క మాటలో పట్టేస్తాను.

మీ అత్తగారు కర్టెన్లు కుట్టడానికి వచ్చారు. రెండు కిటికీలకి నాలుగు రోజులు పట్టింది. అందులో మూడున్నర రోజులు కల చెప్పడానికే. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహం వెలిగిపోతూ ఉంది. కలలోని ఆ కోటాయన మొహం ఎలా ఉంటుందని అడిగాను.

“మొహం వేస్తే గొడవలవుతాయండీ. ఆ చోట కాస్త వెలుతురు పెట్టండి, చాలు,” అన్నారు.

పెట్టాను. పేరు రాయమంటే సంతోషంగా రాస్తాను, ఆవిడ ఒప్పుకుంటే. మొహం మాత్రం నాకూ తెలియదు.

ఇట్లు,
దొంగసొత్తు దాచే ముసలమ్మ.

తా.క.: మేక మీకు నచ్చిందా? మీ అత్తగారు అన్నిటికంటే ఎక్కువసేపు దాని గురించే చెప్పారు.

*

శుక్రవారం

చిత్రకారిణిగారికి ఉద్యమ నమస్కారాలు.

మిమ్మల్ని మగవాడనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. ‘మేలుకో మహిళా’ నాలుగో పేజీ కంఠతా వచ్చి ఉండీ ఈ తప్పు చేశాను. నేను ప్రెస్సులో కాగితాలు మడిచే పని చేస్తాను. మడుస్తూ మడుస్తూనే చదువుతాను. నా చదువంతా అదే.

విచారణ మొదలుపెట్టాను. తలకాయ బదులు దీపం ఉందంటే ఆలోచించడానికి ఏముంది? మా వీధి దీపాలు చూసే లైన్‌మన్. నేను వెళ్ళేసరికి స్తంభం మీద ఉన్నాడు. మా అత్త కలలోకి ఏ హక్కుతో వచ్చావని కిందినుంచి అడిగాను. అతను ఒక చేత్తో తీగ, ఒక చేత్తో చెవి పట్టుకుని మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా. అప్పుడే అతని భార్య క్యారేజీ తీసుకుని వచ్చింది.

“ఎవరి కలలోకి?” అని నిమ్మళంగా అడిగింది.

లైన్‌మన్ గంటన్నరసేపు స్తంభం దిగలేదు.

ఇదంతా మా ఫోర్‌మన్‌గారికి చెప్పాను. అయిదేళ్ళుగా నా ఎదుటి బల్ల ఆయనది. నెమ్మదస్తుడు, నేను ఏం చెప్పినా చివరిదాకా వింటారు. “లైన్‌మన్ కాదులే,” అని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఎలా తెలుసంటే, ఊరికే అనిపించిందన్నారు. సహజంగా తెలివైన మనిషి.

ఇంకో అభ్యంతరం. హాల్లో మీ బొమ్మ పక్కన ‘ప్రేమ’ అని చీటీ అంటించారు. మా ఇంట్లో అలాంటివి కుదరవు. రెండేళ్ళ కిందటే నేను తీర్మానం రాసి వంటగది గోడకి అంటించాను: ‘పెళ్ళి బానిసత్వం. ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరాదు.’ అత్త చదివి, ఎవరికోసంరా ఇది అంది. మనిద్దరికోసం అన్నాను. పాలు పొంగిపోతున్నాయని పొయ్యివైపు తిరిగింది. ఏకగ్రీవంగా ఆమోదించినట్టు రాసుకున్నాను.

మేక నిజంగా బాగుంది. ఆ బొమ్మ మొత్తంలో చైతన్యం ఉన్నది దానికొక్కదానికే. అది ప్రజాగళం. కాలికి తాడు ఉండడం అణచివేతకు గుర్తు. అంతవరకు మీ ఆలోచనని అభినందిస్తున్నాను.

ఇట్లు,
అన్వేషణలో,
కన్వీనర్.

తా.క.: లైన్‌మన్ భార్య మీ బొమ్మ చూడడానికి బయల్దేరింది. చేతిలో చీపురు ఉంది. జాగ్రత్త.

*

సోమవారం

ప్రజాగళంగారికి,

వయసు చూసుకుని ఇకమీదట నువ్వు అంటాను. అభ్యంతరమైతే తీర్మానం రాసుకో.

లైన్‌మన్ భార్య వచ్చింది. చీపురు గోడకి ఆనించి బొమ్మ ముందు అరగంట నిలబడింది. తన మొగుడు జన్మలో కోటు తొడిగిన పాపాన పోలేదనీ, కాబట్టి ఇతను కాదనీ తీర్పు చెప్పింది. తరవాత కుర్చీ లాక్కుని తన కల చెప్పింది. అందులో మొగుడు స్తంభం మీద కొంగై కూర్చుని ఉంటాడు, ఈమె కింద నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది, కొంగ పలకదు. చెబుతూ చెబుతూ నవ్వింది. ఆ బొమ్మ నిన్ననే మొదలుపెట్టాను. చీపురు మర్చిపోయి వెళ్ళింది, నాకూ అవసరమే.

నీ తీర్మానం గురించి ఆలోచిస్తున్నాను. మీ అత్తగారికి నలభై నాలుగేళ్ళని ఆవిడే చెప్పారు. ఆ కాగితం మీద ఆవిడ సంతకం ఉందా, లేక పాలు పొంగడమే సంతకమా? పెళ్ళి బానిసత్వమని చెప్పిన కరపత్రం ఒకటి నాకు పంపు. నేను బడికి సరిగా వెళ్ళినదాన్ని కాదు, చదివి నేర్చుకుంటాను.

మేక కాలి ముడి ఇంకోసారి దగ్గరగా చూడు. దాన్ని మీ అత్తగారు మూడుసార్లు చెరిపించి వేయించారు. గట్టిగా వేయకండి, దానికి నొప్పి పుడుతుంది అన్నారు.

ఇట్లు,
నీ విద్యార్థిని.

తా.క.: అణచివేసేవాళ్ళు ముడి వదులుగా వేస్తారా అని నాకొక అనుమానం. నీ కరపత్రాల్లో ఎక్కడైనా ఉంటే చెప్పు.

*

బుధవారం

చిత్రకారిణిగారికి,

ముడి గురించి వాదించే సమయం దాటిపోయింది. ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకి హాలు ముందు నిరసన సభ. కరపత్రం అయిదు వందల ప్రతులు అచ్చవుతోంది. వీధి వీధంతా మా అత్తని చూసి లాంతరు ఎలా ఉందని అడుగుతోంది. ఆమె తల దించుకుని మిషను తొక్కుతోంది. నేను బతికి ఉండగా ఇది సాగదు.

ఫోర్‌మన్‌గారు తానే దగ్గరుండి కరపత్రం చూసుకున్నారు. ‘లాంతరు వెనక దాక్కున్న పిరికివాడా, బయటికి రా’ అని నేను రాశాను. ప్రూఫు దిద్దేటప్పుడు ఆయన ‘పిరికివాడా’ కొట్టేసి ‘మొహమాటస్తుడా’ అని పెట్టారు. ‘బయటికి రా’ ముందు ‘వీలు చూసుకుని’ అని చేర్చారు. అచ్చులో అదే నిండుగా ఉంటుందట. ఇంత శ్రద్ధ ఉన్న మనిషి బయట ఉండకూడదని సంఘంలో చేరమన్నాను.

“మీ ఇంట్లో చేరాలంటే ఆ గోడమీది తీర్మానం అడ్డం కదా,” అన్నారు.

సంఘాన్ని ఇల్లనుకున్నారు. వయసు మీద పడుతోంది పాపం. యాభై ఉంటాయి.

మీరు అడిగిన కరపత్రం ‘సంకెళ్ళు’ ఇందులో పెట్టాను. ఎనిమిది పేజీలు. అంచులు ఇంకా కోయని ప్రతి, మడత నా చేతిదే.

ఇట్లు,
వెనక్కి తగ్గని,
కన్వీనర్.

తా.క.: సభకి అత్త కూడా వస్తానంది. దానికోసమని కొత్త బట్టలు కుట్టుకుంటోంది. చైతన్యం పెరుగుతోంది.

*

సోమవారం

నాయనా,

నిన్న నీ ఉపన్యాసం విన్నాను. గొంతు బాగుంది. వెనకవాళ్ళకి కనపడడం లేదని హాలు వాళ్ళని అడిగి నీకు స్టూలు ఇప్పించింది నేనే. నువ్వు దానిమీద ఎక్కి, నోరు తెరిచి, లాంతరు మనిషిని బయటికి రమ్మని అరుస్తున్నప్పుడు నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక్కసారి నీవైపు చూశాను, ఒక్కసారి నా బొమ్మవైపు చూశాను. నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకున్నాను. నువ్వు ఆ నవ్వుని మెచ్చుకోలనుకుని చెయ్యి ఊపావు.

హాల్లో అప్పుడు ఇద్దరే ఉన్నారు. మీ అత్తగారు ఒక కోటుకి ఊడిపోతున్న గుండీ బిగిస్తున్నారు. కోటు లోపల ఉన్నాయన కదలకుండా నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆయన చేతిలో నీ కరపత్రం ఉంది. పాపం, వీలు చూసుకునే వచ్చాడు.

ఇప్పుడు మేక సంగతి. మీ అత్తగారి మాటలు అన్నది అన్నట్టే రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. “ఒడ్డున ఒక మేక ఉంటుందండీ. ఎప్పుడూ అరుస్తూ ఉంటుంది. మంచి మేక. నేనే పెంచాను. పడవ కదిలితే తాడు లాగి అది నీళ్ళలో పడిపోతుందేమోనని నాకు భయం. అందుకే కదలడం లేదు.”

నీ ‘సంకెళ్ళు’ చాకుతో అంచులు కోసి మొత్తం చదివాను. అయిదో పేజీ చివర ఇలా ఉంది: ‘పెళ్ళి బానిసత్వం. ఇంట్లో ఎవరినీ ఆ మాట ఎత్తనివ్వకండి.’ తిప్పితే ఆరో పేజీ మొదట్లో: ‘అని ఇతరుల బతుకులకి తీర్మానాలు రాసే తొందరపాటు కుర్రవాళ్ళున్నారు. ఇష్టపడ్డ ఇద్దరి మధ్య అడ్డం నిలబడేవాడే అసలైన సంకెల.’

నీ ఉత్తరాలు మళ్ళీ తీసి చూశాను. నాలుగో పేజీ, అయిదో పేజీ. ఎక్కడా ఆరో పేజీ లేదు. కోయని కాగితంలో చేతికి అందేవి ఒకటి, నాలుగు, అయిదు, ఎనిమిది. మిగతావి కోస్తేగాని తెరుచుకోవు. ఆ మడతలు నువ్వే వేసి, వాటి లోపలికి ఎన్నడూ చూడలేదురా.

ఆ మొహం ఎవరిదో ఇప్పుడు నాకు తెలుసు. వెయ్యమంటావా, వద్దా? నువ్వే చెప్పు.

ఇట్లు,
మీ ఇద్దరి మేలు కోరే,
ముసలమ్మ.

తా.క.: మేక కళ్ళు నీవి కావు. నువ్వెలా ఉంటావో అప్పటికి నాకు తెలియదు. నోరు మాత్రం చెప్పింది చెప్పినట్టు వేశాను.

*

గురువారం

మోసపోయిన చిత్రకారిణిగారికి నమస్కారం. ఈసారి ముందే పెడుతున్నాను.

దొంగ మీరు కాదు. దొంగతనమే జరగలేదు. మోసం జరిగింది, చేసింది మా అత్త. అది రాసేముందు జరిగినదంతా వరసగా చెప్పాలి.

మీ ఉత్తరం చదివి చించేద్దామనుకున్నాను. చించలేక జేబులో పెట్టుకుని ప్రెస్సుకి వెళ్ళాను. మూల పడి ఉన్న పాత కరపత్రాలన్నీ చాకుతో కోశాను. రెండు రోజులు లోపలి పేజీలు చదివాను. ఉన్న అభిప్రాయాల్లో సగం మార్చుకోవాల్సి వచ్చింది, మిగతా సగం బలపడ్డాయి. ఫోర్‌మన్‌గారు ఎదుటి బల్ల దగ్గర తల ఎత్తకుండా అక్షరాలు పేర్చుకుంటున్నారు.

“మీరేనా?” అన్నాను.

“నేనే,” అన్నారు.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు మాట్లాడుతున్నావు కదా,” అన్నారు. ఎత్తిపొడుపు కాదు, ఆయన నిజంగానే నేను ముగించేదాకా ఆగుదామనుకున్నారు. అయిదేళ్ళు.

ఇంటికి వెళ్ళి వంటగది గోడమీది తీర్మానం పీకేశాను. జిగురు గట్టిది, సున్నం కూడా ఊడొచ్చింది. అత్త మిషను ఆపి చూసింది. నేనెందుకు పడిపోతాననుకున్నావని అడుగుదామనుకున్నాను. నోటికి వేరే మాట వచ్చింది. నువ్వు వెళ్ళిపోతే నేనెవరితో వాదించాలి అన్నాను. ఈ మాట సంఘం రికార్డులో ఉండదు, మీకు మాత్రమే రాస్తున్నాను.

“ఎక్కడికిరా నేను వెళ్ళేది? ఆయనే ఇక్కడికి వస్తారు. ఆయన గదికి సరైన కిటికీ కూడా లేదు,” అంది. “వాదించడానికి ఇద్దరం దొరుకుతాం. కాకపోతే ఆయన వాదించరు.”

అప్పుడు ధైర్యం వచ్చి, ఆ కల నీకు ఎన్నాళ్ళ కిందట వచ్చిందని అడిగాను. నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. మొదటిసారి, అన్నీ తీసింది.

“నాకు కలలెక్కడివిరా? పక్కమీద వాలితే తెల్లారడమే. పాపం ఆవిడ కుర్చీ వేసి అడిగింది కదా అని నాలుగు రోజులు కూర్చుని అల్లాను.”

ఎందుకు అన్నాను.

“రెండేళ్ళనుంచి నీకు చెబుతూనే ఉన్నాను. భోజనం పెడుతూ చెప్పాను, నీ చొక్కా కుడుతూ చెప్పాను. ఇంట్లో చెప్పింది నీ చెవికెక్కదు. గోడమీద వేలాడేదైతే నిలబడి కిందిదాకా చదువుతావు. అందుకే పెద్దది వేయించి, నీ దారిలో, గుమ్మానికి ఎదురుగా పెట్టించాను. ఆవిడ పక్క గోడ అంది, నేను పట్టుబట్టాను.”

కాబట్టి, అమ్మా, మీరు వేసింది కల కాదు. అది మా అత్త నా ఒక్కడికోసం వేయించిన కరపత్రం. ప్రతి ఒకటే. చదవాల్సినవాడు ఒకడే. నేను అయిదు వందలు అచ్చువేసి సాధించలేనిది ఆమె ఒక్కదానితో సాధించింది. మీ నియమం భంగమైందని బొమ్మ దించేయకండి. రంగు బాగానే అంటిందని అత్త అంటోంది. మొహం కూడా వెయ్యవద్దు. ఆయన మొహమాటస్తుడు, వెలుతురే నయం. మేకని కూడా ముట్టుకోకండి. కుట్టింది నప్పకపోతే అత్త విప్పుతుంది, నప్పితే వదిలేస్తుంది. అది నప్పింది.

ఇట్లు,
అన్ని పేజీలూ చదివిన,
కన్వీనర్.

తా.క.: అత్త ఆహ్వానపత్రిక రాయమంది. నాకు ఆహ్వానాలు రావు, పిలుపులే వచ్చు. అచ్చయింది కింద పెడుతున్నాను. ప్రూఫు ఫోర్‌మన్‌గారే దిద్దారు, ఈసారి ఒక్క మాట కూడా మార్చలేదు.

వీధి ప్రజలారా,

మా అత్త, మా ప్రెస్సు ఫోర్‌మన్‌గారు ఒకరినొకరు ఇష్టపడి పెళ్ళి చేసుకుంటున్నారు. ఇన్నాళ్ళూ దీన్ని ఆపినవాణ్ణి నేనే. నా తప్పు బహిరంగంగా ఒప్పుకుంటున్నాను. లైన్‌మన్‌గారు నిర్దోషి, స్తంభం దిగి సకుటుంబంగా రావచ్చు. ఉపన్యాసాలుండవు. వచ్చే శుక్రవారం ఉదయం పదింబావుకి రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గరకి అందరూ రండి. ఫోర్‌మన్‌గారు ఎలాగూ తొమ్మిదికే వచ్చి ఒక్కరూ నిలబడతారు, వీలైనవాళ్ళు ఆయనకి తోడుగా తొమ్మిదికే రండి.